నాలుగు నిమిషాల నలుడు

మన సామెతల్లో రొయ్యకు మర్యాద తక్కువ. మీసం పెంచినవాడల్లా మొనగాడు కాడని చెప్పవలసి వస్తే, "రొయ్యకు లేదా బారెడు మీసం?" అన్నారు. పైకి మడీ, లోపల మరొకటీ ఉన్నవాళ్లను దెప్పవలసి వస్తే, "అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం" అన్నారు. రెండుచోట్లా తప్పు మనిషిది, మాట పడ్డది రొయ్య. అయితే ఒక్క సంగతి ఒప్పుకోవాలి. ఆ రెండో సామెత కట్టినవాడెవరో గాని, వాడికి రొయ్య రుచి బాగా తెలుసు. వంకాయల బుట్ట మాయమైందని ఎవరూ సామెత కట్టలేదు చూడండి!

అలాంటి రొయ్యకు ఈమధ్య దశ తిరిగింది. చింతచిగురుతోనో, మామిడికాయతోనో, గోంగూరతోనో ఉమ్మడి కాపురం చేస్తూ వచ్చిన రొయ్య ఇప్పుడు వేరు కాపురం పెట్టింది. ఒంటికి మసాలా పట్టించుకుని, పుల్లకెక్కి, నిప్పుల మీద కూర్చుంటోంది. హోటళ్లలో మొదలైన ఈ వైభవం ఇళ్లకూ పాకింది. ఆదివారం సాయంత్రం డాబాల మీద పొగ లేస్తే, ఇదివరకులా ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకోనక్కరలేదు. రొయ్యలు కాలుతూ ఉండవచ్చు.

కుర్రకారు దీన్ని "మారినేట్ చేసి గ్రిల్ చేయడం" అంటారు. "వీటికి తెలుగు మాటలు లేవు కదండీ!" అన్నాడు మా బి.ఏ. తరగతి కుర్రాడొకడు. లేకేం నాయనా? పట్టించడం, కాల్చడం. మన అమ్మలు కూరకు ఉప్పూ కారం పట్టిస్తారు, తలకు నూనె పట్టిస్తారు, అవసరమైతే పిల్లలకు చదువు కూడా పట్టిస్తారు. ఆ మారినేట్ అనే మాటకు మూలం సముద్రం. సముద్రపు ఉప్పునీళ్లలో ఊరబెట్టడమని దాని మొదటి అర్థం. కాల్చడం సంగతికొస్తే, శూలానికి గుచ్చి కాల్చిన మాంసానికి "శూల్యం" అనే పేరు అమరకోశంలోనే ఉంది. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసంలో ఊచలకు గుచ్చి కాల్చే వంటకాల సంగతి ఉంది. కాబట్టి ఇదేదో నిన్న విమానం దిగిన విద్య కాదు. మనం కాస్త మరిచిపోయాం, అంతే.

విమానమో ఓడో ఎక్కి వచ్చింది రొయ్య. ఈనాడు మా గోదావరి జిల్లాల చెరువుల్లో పెరిగేది చాలామటుకు వెనామీ. దీని పుట్టిల్లు అమెరికా ఖండాల పసిఫిక్ తీరం. 1990ల్లో మనవాళ్లు టైగర్ రొయ్యను నమ్ముకున్నారు. తెల్లమచ్చ తెగులు తగిలి ఎందరి చెరువులో ఎండిపోయాయి. 2009లో వెనామీని మన దేశంలో పెంచుకోవడానికి అనుమతి వచ్చాక మళ్లీ చెరువులు కళకళలాడాయి. దేశంలో పెంచే రొయ్యల్లో ఎక్కువ పాలు ఆంధ్రప్రదేశ్‌వే. అందులో మేలైన సరుకు ఐసు పెట్టెల్లో ఓడలెక్కి పరాయి దేశాలకు వెళుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా కొంటూ వచ్చిన దేశం అమెరికా. అక్కడ పుట్టిన జాతి ఇక్కడ పెరిగి మళ్లీ అక్కడికే వెళ్లడం, మేనరికం ఇచ్చినట్టు ఉంటుంది నాకు.

2025 ఆగస్టు నెలాఖరులో ఆ దేశం మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, భీమవరం చుట్టుపక్కల చెరువు గట్ల మీద ముఖాలు వాడిపోయాయి. ఎక్కడో పెట్టిన సంతకం ఇక్కడి మేత ఖర్చును, పిల్లల ఫీజులను తాకింది. "మన రొయ్య మనమే తిందాం" అనే మాట అప్పుడు గట్టిగా వినిపించింది. మాట బాగుంది. కాని అంత తీరమూ అన్ని చెరువులూ పెట్టుకుని మనం రొయ్య తరచుగా ఎందుకు తినడం లేదు? ఖరీదు ఒక కారణం, కాదనను. రెండో కారణం ఒకటుంది. అది మగవాళ్లకు తోచదు, ఆడవాళ్లు పైకి అనరు. అది వలవడం.

బజారులో రొయ్యను కౌంటు మీద అమ్ముతారు. వంద కౌంటంటే కిలోకు వంద తూగేవి. ముప్పై కౌంటంటే ముప్పై తూగేవి. కౌంటు తగ్గినకొద్దీ రొయ్య పెద్దది, ధర పెద్దది. ఇగురుకని వంద కౌంటు రొయ్యలు కిలో తెచ్చారనుకోండి. వంద తలలు, వంద పెంకులు, వీపుల్లో వంద నల్లదారాలు. ఒక్కొక్కదానికి అరనిమిషం పట్టినా యాభై నిమిషాలు. తెచ్చినాయన సంచీ గుమ్మంలో పెట్టి పేపరు తీస్తాడు. ఆ యాభై నిమిషాలూ పెరట్లో కుళాయి దగ్గర పీట మీద కూర్చున్నది ఎవరో నేను చెప్పాలా? ఇంతా చేస్తే కిలోకు సగం పైచిలుకు మాత్రం చేతికి దక్కుతుంది. చేతికి దక్కేది ఇంకొకటుంది. తల మీది రంపం లాంటి ముల్లు.

చేపల బజారులో కత్తిపీట ముందు కూర్చుని రొయ్యలు వలిచిపెట్టే ఆడవాళ్లున్నారు. ఎగుమతి కర్మాగారాల్లో చలిలో నిలబడి తలలు తీసేవాళ్లలోనూ ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ పని ఎంత తక్కువకు చేసినా దానికి కూలి అని ఒక పేరుంది. ఇంట్లో చేసినదానికి ఆ పేరు కూడా లేదు.

పోయిన కనుమనాడు మా తమ్ముడి ఇంటికి వెళ్లాను. వాడు కొత్తగా కాళ్లున్న ఇనప పొయ్యి ఒకటి కొన్నాడు. స్నేహితులను పిలిచాడు. నలభై కౌంటు రొయ్యలు రెండు కిలోలు వచ్చాయి. అంటే ఎనభై. నేనూ మా మరదలూ వెనక వసారాలో కూర్చుని ముప్పావుగంటలో వలిచి, కడిగి, మసాలా పట్టించి గిన్నె మీద మూత పెట్టాం. పొద్దుగూకాక తమ్ముడు ఒక కొత్త ఏప్రను కట్టుకుని, పట్టకారు పుచ్చుకుని, పొయ్యి ముందు నిలబడ్డాడు. ఒక్కో విడత నాలుగు నిమిషాలు. పొగ, చిటపటలు, ఘుమఘుమ. తిన్నవాళ్లు ఒకటే మెచ్చుకోలు.

"గురువుగారూ, తమరు సాక్షాత్తూ నలులండీ!" అన్నారొకాయన.

"అంతా మీ అభిమానం" అన్నాడు మా వాడు.

"అభిమానం కాదండీ, ఆ చేతిలో ఏదో ఉంది!"

మా మరదలు నా పక్కకు వచ్చి నెమ్మదిగా అంది: "వదినా, ఏదో ఉన్నది నా చేతిలో. సూది పెట్టి కాస్త తీస్తారూ?"

చూపుడువేలి కొసన రొయ్యముల్లు విరిగి ఉంది.

తమ్ముడి మీద నాకు కోపం రాలేదు. వాడు మంచివాడు, చెపితే వినేవాడు. ఇందులో చిక్కు మరెక్కడో ఉంది. కాల్చడం నలుగురి మధ్యా, వెలుగులో జరుగుతుంది. వలవడం వెనక వసారాలో జరుగుతుంది. మెచ్చుకునేవాళ్ల కూర్చీలు ఎప్పుడూ వెలుగు వైపే వేసి ఉంటాయి. నాలుగు నిమిషాలకు నలుడనే బిరుదు వచ్చింది. ముప్పావుగంటకు ముల్లు వచ్చింది.

వలిచే పనిని మగవాళ్లు పంచుకోవాలని ఒక ఉపన్యాసం ఇవ్వవచ్చు. పంచుకోవాలి కూడా. కాని ఉపన్యాసాలు నాకు కాలేజీలో సరిపోతాయి. వంటలోనే ఒక ఉపాయం ఉంది. రొయ్యను పెంకుతోనే కాల్చండి. కాల్చిన తరువాత ఎవరి రొయ్య వాళ్లు వలుచుకుంటారు. ఒక మనిషి మీద పడే ఎనభై రొయ్యల పని ఎనిమిదిమంది వేళ్లకు పంచుకుపోతుంది. పైపెచ్చు రుచి కూడా దానికే ఎక్కువ. పెంకు నిప్పుకూ కండకూ మధ్య తడిక లాగా నిలబడి లోపలి రసం ఆరిపోకుండా కాస్తుంది. పెంకు కాలిన వాసన కండకు పడుతుంది. ఇంత మేలు చేసే పెంకును గంటసేపు కష్టపడి వలిచి పారెయ్యడం ఎందుకు?

ఇక పద్ధతి చెపుతాను. నలుగురికి ముప్పై కౌంటు రొయ్యలు కిలో చాలు. కొనేటప్పుడు ముక్కును నమ్మండి. మంచి రొయ్యకు కాస్త ఉప్పునీటి వాసనే గాని, ముక్కు అదిరే ఘాటు ఉండకూడదు. పెంకు కండను అంటిపెట్టుకుని ఉండాలి. తల వేలాడుతూ ఉంటే వదిలెయ్యండి. తలలోని జీర్ణరసాలే రొయ్యను ముందుగా మెత్తబరుస్తాయి. ఐసులో పెట్టి అమ్మేవాడి దగ్గరే కొనండి. గడ్డకట్టిన రొయ్యలైతే ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనివ్వండి. వేణ్ణీళ్లు పోయకండి.

ఇంటికి తెచ్చాక తలలు తుంచి పక్కన పెట్టండి. కత్తెర తీసుకుని కాళ్లు కత్తిరించండి. అదే కత్తెర మొనతో మెడ దగ్గర మొదలుపెట్టి తోక దాకా వీపు మీది పెంకును చీల్చండి. కండ కొద్దిగా తెగాలి, రెండు బద్దలు కాకూడదు. చీలికలో నల్లదారం కనిపిస్తుంది. కొందరు దాన్ని నరం అంటారు. నరమూ కాదు, రక్తనాళమూ కాదు, అది పేగు. కత్తెర మొనతో లేపి లాగితే వచ్చేస్తుంది. ఒక్కొక్క రొయ్యకు పావునిమిషం. ముప్పై రొయ్యలకు ఎనిమిది నిమిషాలు. ఈ పని పట్టకారు పట్టుకోదలచినవారే చేస్తే ఇంకా మంచిది. కత్తెర పనిలో మగవాళ్లకు నామోషీ లేదు. దర్జీలు ఎక్కువమంది మగవాళ్లే కదా!

ఒక్కసారి చల్లటి నీళ్లలో కడిగి, పాతగుడ్డతో ఒత్తి తడి తుడవండి. ఈ తుడవడం చాలామంది మానేస్తారు. తడి ఉన్నంతసేపూ నిప్పు వేడి ఆ నీటిని ఆవిరి చెయ్యడానికే సరిపోతుంది. నీరు పోయేదాకా ఎర్రగా కాలడం మొదలు కాదు. ఆలోగా లోపల ఉడికి గట్టిపడిపోతుంది. కాల్చిన రొయ్య కావాలా, ఉడికిన రొయ్య కావాలా అన్నది ఆ గుడ్డముక్క తేల్చేస్తుంది.

ఇప్పుడు పట్టించడం. వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు, గోరంత అల్లం ముక్క, ఒక రెమ్మ కరివేపాకు కలిపి నూరండి. అందులో ఉప్పు ఒక చిన్న చెంచాడు, కారం చెంచాన్నర, పసుపు పావు చెంచా, మిరియాల పొడి అర చెంచా, వేయించి కొట్టిన జీలకర్ర అర చెంచా కలపండి. పప్పునూనె రెండు పెద్ద చెంచాలు పోయండి. నూనె ఉత్త జిడ్డు కోసం కాదు. మిరపకాయ రంగూ ఘాటూ నూనెలోనే బాగా దిగుతాయి. ఈ ముద్దను వేలితో వీపు చీలికలోకి ఎక్కించి, మిగిలింది ఒంటికి రాసి, మూత పెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి.

అరగంట అంటే అరగంటే. మాంసానికి పెట్టినట్టు రాత్రల్లా నానబెడితే ఇంకా రుచిగా ఉంటుందని కొందరి నమ్మకం. మసాలా ఎంతసేపు ఉంచినా కండలోకి లోతుగా పోదు. దిగేది ఉప్పు ఒక్కటే. రొయ్య కండ లేతది. దానికి మేకమాంసపు వైద్యం చెయ్యకూడదు. ముఖ్యంగా నిమ్మరసం ముందుగా పిండకండి. పులుపు తగిలితే పచ్చికండ తెల్లబడి బిగుసుకుంటుంది. నిప్పు తగలకుండానే సగం వండినట్టు అవుతుంది. తరువాత కాలిస్తే సున్నపుముక్కలా ఉంటుంది. పచ్చిబొప్పాయి, అనాసరసం బొత్తిగా పనికిరావు. వాటిలో మాంసకృత్తులను కరిగించే గుణం ఉంది. అల్లంలోనూ ఆ గుణం ఉంది కాబట్టే గోరంత చాలన్నాను. నిమ్మకాయ చోటు చివర, పళ్లెంలో. బెల్లం, పంచదార, తేనె వద్దు. లోపల ఉడికే లోపల పైన మాడిపోతాయి.

ఇనప పొయ్యి కొననక్కరలేదు. అటక మీద అమ్మమ్మనాటి కుంపటి ఉంటే దించండి. దాని మీద పుల్కాల జాలీ పెడితే సరి. బొగ్గులు ఇస్త్రీ బండివాణ్ణి అడిగితే ఎక్కడ దొరుకుతాయో చెపుతాడు. కొబ్బరిచిప్పల బొగ్గు దొరికితే మరీ శ్రేష్ఠం. కిరసనాయిలు పొయ్యకండి, ఆ కంపు రొయ్యకు పడుతుంది. కొబ్బరిపీచు, రెండు కర్పూరం బిళ్లలు చాలు. ఒక్క మాట మాత్రం కచ్చితంగా గుర్తుంచుకోండి. బొగ్గుల పొయ్యి డాబా మీదో, పెరట్లోనో ఉండాలి. వానా చలీ అని తలుపులు మూసిన గదిలో పెట్టారా, బొగ్గు నుంచి వచ్చే విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. ప్రాణం మీదికి వస్తుంది.

మంట మండుతున్నప్పుడు రొయ్య వెయ్యకూడదు. మంట ఆగి, బొగ్గుల మీద తెల్లటి బూడిద పూత పూసి, లోపల ఎర్రగా కనకనలాడాలి. అరచెయ్యి జాలీకి బెత్తెడు ఎత్తున పెట్టి లెక్కపెట్టండి. మూడు అనేలోపల చెయ్యి వెనక్కి లాక్కుంటే వేడి సరిపోయినట్టు. పుల్లలు వెదురువైతే అరగంట నీళ్లలో నానబెట్టి ఉంచాలి. ఒక్క పుల్లకు గుచ్చితే తిప్పినప్పుడు పుల్ల తిరుగుతుంది, రొయ్య తిరగదు. రెండు పుల్లలు నిచ్చెన బద్దల్లాగా పక్కపక్కన గుచ్చండి. నాలుగైదు రొయ్యలు ఒకేసారి ఒద్దికగా తిరుగుతాయి. పొయ్యి లేనివాళ్లు గ్యాసు మీద ఇనప పెనం పొగలు కక్కేలా కాల్చి, పుల్లల్లేకుండా పరుచుకోవచ్చు. పొగ వాసన ఉండదు గాని తక్కినదంతా వస్తుంది.

ఒక్కో వైపు రెండు నిమిషాలు. గడియారం కన్నా మంచి సాక్షి రొయ్యే. పుల్లకు గుచ్చకుండా ఒక్కదాన్ని జాలీ మీద విడిగా వెయ్యండి. పచ్చిరొయ్య దాదాపు తిన్నగా ఉంటుంది. వేడి తగిలినకొద్దీ వంగుతుంది. అది అరసున్న ఆకారానికి రాగానే దించండి. ఇంకాసేపు ఉంచితే తలా తోకా కలిసి నిండుసున్న అవుతుంది. నిండుసున్న అయిన రొయ్యకు పరీక్షలోనూ సున్నే. రబ్బరు నమిలినట్టు ఉంటుంది. మా పాఠ్యపుస్తకాల్లో అరసున్న కనుమరుగై ఎన్నాళ్లో అయింది. కుర్రవాళ్లకు చూపించాలంటే ఛందస్సు పుస్తకాలు వెతకాలి. ఇకమీదట వంటింట్లో చూపించవచ్చు.

రంగును మాత్రం పూర్తిగా నమ్మకండి. రొయ్య ఒంట్లో ఎర్రరంగు మొదటినుంచీ ఉంటుంది. ఒక మాంసకృత్తు దాన్ని ముసుగులా కప్పి ఉంచుతుంది కాబట్టి నీలం, బూడిద రంగుల్లో కనిపిస్తుంది. వేడికి ఆ ముసుగు చెదిరి, ఎరుపు బయటపడుతుంది. కాని ముందు వేడెక్కేది పెంకు. పెంకు ఎర్రబడగానే లోపల అయిపోయిందనుకోకూడదు. వీపు చీలికలోకి చూడండి. గాజులా మెరిసే కండ పాలలా తెల్లబడి ఉంటే అయినట్టు. ఇదీ పెంకుతో కాల్చడంలో ఉన్న మరో సదుపాయం. చీలిక కిటికీలా పనికొస్తుంది.

దించినవాటిని పచ్చిరొయ్యలు ఉంచిన గిన్నెలో తిరిగి పోయకండి. వేరే పళ్లెం ఉండాలి. గిన్నె అడుగున మిగిలిన మసాలా పచ్చిగా నంజుకోవడానికి పనికిరాదు. అతిథుల్లో రొయ్య పడనివాళ్లున్నారేమో ముందుగా అడగండి. కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, ఊపిరి ఆడదు. బాగా కాలిస్తే పోయే దోషం కాదది. వాళ్లకోసం అదే పొయ్యి మీద కాకుండా, వేరుగా ఇంకేదైనా చెయ్యండి. మర్యాదకని ఒక్కటి తినమని బలవంతం చెయ్యకండి. మన తెలుగువాళ్ల బలవంతాలు మీకు తెలియనివి కావు.

పక్కన పెట్టిన తలలు పారెయ్యకండి. బాగా కడిగి, ఉల్లిపాయ ముక్కలతో నూనెలో ఎర్రగా వేయించి, నీళ్లు పోసి ఇరవై నిమిషాలు మరిగించి వడకట్టండి. ఆ నీళ్లతో చారు పెడితే మర్నాటి మధ్యాహ్నానికి వేరే ఆధరువు అక్కరలేదు. కాలిన పెంకులను మొక్కల మొదట్లో పూడ్చండి. పైపైన వేస్తే మొక్క కన్నా ముందు పిల్లి కనిపెడుతుంది.

ఇక తినడం. పళ్లెం పక్కన పెంకులకు ఒక ఖాళీ గిన్నె, వేళ్లు కడుక్కోవడానికి నిమ్మచెక్క వేసిన గోరువెచ్చని నీళ్లు, పెద్ద ఉల్లిపాయ చక్రాలు పెట్టండి. వీపు ముందే చీల్చి ఉంది కాబట్టి, బొటనవేలితో అటొకటి ఇటొకటి లాగితే పెంకు ఊడి వస్తుంది. పట్టిన మసాలా వేళ్లకు అంటుకుంటుంది. వేళ్లు నాకడం సభ్యత కాదని పుస్తకాల్లో ఉంటుంది; ఆ పుస్తకాలు రాసినవాళ్లు రొయ్యలు తిన్నట్టు లేదు. చిన్నపిల్లలకు మొదటి రెండు వలిచిపెట్టి, మూడోది వాళ్లనే వలుచుకోమనండి. ఆడపిల్లకూ మగపిల్లవాడికీ ఒకే లెక్క. ఎనిమిదేళ్లకు రొయ్య వలవడం వచ్చిన మగపిల్లవాడు ముప్పై ఏళ్లకు సంచీ గుమ్మంలో పెట్టి పేపరు తియ్యడని నా ఆశ.

పరాయి దేశం కొన్నా మానినా మన చెరువుల్లో రొయ్య పండుతూనే ఉంటుంది. అది మన ఇళ్లలో మాటిమాటికీ పొయ్యెక్కాలంటే ధర ఒక్కటే దిగితే చాలదు. ఒక్కరి నెత్తిన ఉన్న పని కూడా దిగాలి. యాభై నిమిషాల పనికి ఒక్క మనిషి ఉన్న ఇంట్లో రొయ్య ఎప్పుడూ పండగ సరుకే. ఎనిమిది నిమిషాల కత్తెర పనీ, అరగంట ఓపికా, నాలుగు నిమిషాల నిప్పూ, ఆపైన ఎవరి వేళ్లు వాళ్లవీ అయిన ఇంట్లో అది మామూలు ఆదివారపు తిండి అవుతుంది. అప్పుడు నలుడెవరని ఎవరైనా అడిగితే, ఎదుట పెంకులున్న ప్రతివాళ్లనూ చూపించండి.